ఒంటె కథ రెండో భాగం

ఇసకదిబ్బపాలెం ఆడవాళ్ళు సంతపేట పోయేటప్పుడు చేపల గంపలు నిండుగా ఉంటాయి, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటాయి. ఒక్క బుల్లమ్మ మాత్రం నెలకోసారి నిండు గంపతో తిరిగొచ్చేది. అందులో పుస్తకాలుండేవి.

బుల్లమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ మోత ఆమె నెత్తికే ఎక్కింది. హుద్‌హుద్ తుపానుకి పాలెం బడి రేకులు ఎగిరిపోయి, బీరువాలో ఉన్న కాసిని కథల పుస్తకాలూ నానిపోయి అట్టలు కట్టేశాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు బడిలో చిన్న టీచరు భారతి సంతపేట శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడి లైబ్రేరియన్ నారాయణమూర్తితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసింది. నెలకో పెట్టెడు పిల్లల పుస్తకాలు బడికి రావాలి. నెల తిరిగేసరికి అవి వెనక్కి వెళ్ళి ఇంకో పెట్టె రావాలి. ఏర్పాటు బాగానే ఉంది గాని, ఆ పెట్టె మోసుకొచ్చేదెవరు? అని టీచరమ్మ తల పట్టుకుంటే, మనవరాలు హర్షితని బడిలో దింపడానికొచ్చిన బుల్లమ్మ గుమ్మంలోంచే అంది:

"నా గంప ఎలాగూ ఖాళీగానే వస్తాది కదమ్మా. గాలిని మోసే బదులు పుస్తకాలు మోస్తాను."

పుస్తకాల కోసం వేరే గంప పెట్టింది. దాన్ని బూడిదేసి తోమి, ఇసకలో ఎండబెట్టి, లోపల పాత నేత చీర మడతేసి పరిచేది. ఆ గంపలో ఒక్క చేప పడనివ్వలేదు.

నెల తిరక్కుండానే పాలెంలో ఒక అలవాటు పుట్టింది. సాయంత్రం ఆడవాళ్ళు రొయ్యలు ఒలవడానికి కుప్ప చుట్టూ కూర్చుంటే, హర్షిత మధ్యలో కూర్చుని చదివేది. ఐదో తరగతి పిల్ల. గొంతు సన్నం గాని, చదివితే గాలిలో కూడా వినపడేది. ఆ మరుసటి ఏడు ఆశ్వయుజంలో చదివిన పుస్తకం ఒంటెది. ఒంటికన్ను ఒంటె ఒకటి ఎడారిలో పుట్టి, చచ్చేలోగా సముద్రం చూడాలని బయల్దేరుతుంది. దొంగల చేతికి చిక్కుతుంది, తప్పించుకుంటుంది, కొండలెక్కి దిగుతుంది. చివరికి ఒక ఏటి ఒడ్డుకొచ్చి, ఎటు పోవాలో తెలీక నిలబడిపోతుంది. అక్కడ హర్షిత పుస్తకం మూసేసింది.

"ఏటే, సదువు," అంది బుల్లమ్మ.

"అయిపోయింది మామ్మా. మిగతాది రెండో భాగంలో ఉన్నాదంట."

"రెండో భాగమేటి? తల మన బుట్టలో ఏసీసి, తోక ఆల్ల దగ్గర దాసీసుకున్నారేటి? ఇదేం బేరమే!"

అందరూ నవ్వారు గాని బుల్లమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఒంటె ఆమె బుర్రలో ఏటి ఒడ్డునే నిలబడి ఉంది. గంప నెత్తినెత్తుకుని వీధుల్లో తిరుగుతున్నా, ఇది ఎడమకి తిరిగిందా, కుడికి తిరిగిందా అనే ఆలోచనే.

కార్తీకం వచ్చింది. పాత పెట్టె పుస్తకాలు భద్రంగా తిరిగిచ్చి, గంప పక్కన పెట్టుకుని బుల్లమ్మ గ్రంథాలయం బల్ల ముందు నిలబడింది.

"బాబూ, కొత్త పెట్టె ఇప్పించండి. ఈసారి ఒంటె బొమ్మ పుస్తకం రెండోది మరిసిపోకండి. మా గుంట పేనం తీసెత్తన్నాది," అని తన ఆత్రాన్ని మనవరాలి మీదికి తోసేసింది.

నారాయణమూర్తి తలెత్తలేదు. మెత్తటి మనిషి. ఎవరికీ కష్టం కలిగించకుండా పింఛను దాకా చేరిపోవాలని చూసే మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ నెల పెట్టె లేదు బుల్లమ్మా."

"ఒచ్చే వారం రమ్మంటారా?"

"వచ్చే వారమూ లేదు. ఇంక లేదు."

ఎందుకని అడిగేలోపు పక్క కుర్చీలోంచి జవాబొచ్చింది. ఆ కుర్చీలో ఉన్నాయన బియ్యం, కిరాణా వ్యాపారి హరిబాబు. ఆమదాలవలస నుంచి బియ్యం లోడు వచ్చిందంటే సగం ఆయన కొట్టు ముందే దిగుతుంది. ఆ గదిలో తిరిగే ఫ్యాన్లు ఆయన తండ్రి ఇచ్చినవే. ఫ్యాను రెక్కల మీద పేరు కూడా రాసి ఉంటుంది, తిరుగుతున్నప్పుడు మాత్రం కనపడదు.

"ఆయన చెప్పలేడు, నేను చెప్తాను విను," అన్నాడు హరిబాబు. "మొన్న మా పాప ఇక్కణ్నుంచి బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. ఇల్లంతా ఒకటే నీసు కంపు. మా అమ్మ పూజ మధ్యలో లేచి వచ్చేసింది. పిల్లి ఏదైనా తెచ్చిందేమోనని ఇల్లంతా వెతికాం. చూస్తే పుస్తకం! మీ పాలెం నుంచి తిరిగొచ్చిన పుస్తకం."

బుల్లమ్మకి నిజం తెలుసు. గంప తప్పేమీ లేదు, చేతులదే. బడి వదలగానే పిల్లలు తల్లుల పక్కన రొయ్యల కుప్ప దగ్గర కూర్చుంటారు. ముట్టుకోకే, ముందు చేతులు కడుక్కోవే అని తను హర్షిత మీద ఎన్నిసార్లు అరిచిందో. పిల్ల చెయ్యి గౌనుకి రాసేసి పేజీ తిప్పేసేది. కథ ఆగదు కదా మరి. ఇదంతా తెలిసినా, ఆ కుర్చీలో హరిబాబు కూర్చున్న తీరు చూశాక సారీ అనే మాట ఆమె నోట్లోకి రాలేదు.

"వాసనేస్తే ఎండలో పెట్టుకోండి. సేపలే ఎండిపోతాయి, పుస్తకం ఎండదేటి?"

"ఇది నవ్వులాట కాదే."

"నేనూ నవ్వట్లేదు బాబూ. మా సేపలు కావాలి, మా పిల్లల సేతులు పనికిరావా? అయితే సూసుకోండి. రేపట్నించి ఈ ఊళ్ళో ఒక్క గడపకి సేప పట్టం! మా పాలెం గంప ఒక్కటి ఇక్కడ దిగదు!"

 హరిబాబు నవ్వడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఏమే బుల్లమ్మా, ఎవర్నే బెదిరిస్తున్నావు? మా ఇంటి గడప వెల్లుల్లిపాయే తొక్కదు! పైగా ఇది కార్తీకం. ఊరు ఊరంతా చేపలు మానేసి శివుడికి దీపాలు పెట్టుకుంటోంది. నువ్వు ఆపేదేంటి, మేమే ఆపేశాం!"

దినపత్రికల వెనకాల నుంచి కూడా నవ్వులు వినపడ్డాయి. బుల్లమ్మ ఒక్కసారి గుమ్మం వైపు చూసుకుంది. మెట్ల మీద ఆమె చేపల గంప సగం నిండుగా ఉంది. కార్తీకం అనే సంగతి ఆమెకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దుట్నుంచీ మూసిన తలుపుల ముందు అరిచి అరిచి వచ్చిందే తను. కోపంలో నోరు ముందు పోయింది, బుర్ర వెనకబడింది.

తిరుగు ఆటోలో దాలమ్మ వదల్లేదు. దాలమ్మ పక్కింటి మనిషి, వరసకి ఆడపడుచు, నోరు మాత్రం పక్కూరి దాకా ఉంటుంది.

"ఓలమ్మ, వదినా! కార్తీకంలో సావుకారింటికి సేపలు మానెత్తానని బెదిరించిన మొనగత్తివి నువ్వొక్కదానివే. రేపు సముద్రానికి కూడా సెప్పు, నీకు ఉప్పు ఎయ్యనని."

"నోరు ముయ్యే."

"నేను మూసినా ఆల్లు మూత్తారేటి? బజారంతా నవ్వుతన్నారు."

ఎదురుగా కూర్చున్న ఇంకో చేపల మనిషి జగ్గమ్మ నవ్వు దాచుకోడానికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లమ్మ ఖాళీ పుస్తకాల గంప ఒళ్ళో పెట్టుకుని, ఇల్లొచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

హర్షిత ఎదురొచ్చి గంపలోకి చూసింది. "తేలేదా మామ్మా?"

"నేదు."

"ఎందుకి?"

బుల్లమ్మ చెప్పలేదు. కాని దాలమ్మ ఆటో దిగిన చోట రహస్యం నిలవదు. చీకటి పడకముందే సంగతి పాలెమంతా తిరిగి పిల్లల చెవుల్లోనూ పడింది. బుల్లమ్మ పొయ్యి రాజేసి పెరట్లోకి వస్తే, హర్షిత నీళ్ళ తొట్టి దగ్గర గొంతుక్కూచుని ఉంది. బట్టల సబ్బు, కొబ్బరి పీచు పట్టుకుని చేతులు తోముతోంది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. తోముతోంది, వాసన చూసుకుంటోంది, మళ్ళీ తోముతోంది.

"ఏటే అది?"

"వాసన పోవాల కదా మామ్మా. పోతే ఇత్తారు కదా."

 బజారు నవ్వినప్పుడు బుల్లమ్మకి సిగ్గేసింది. ఇప్పుడు మాత్రం సిగ్గు లేదు. పిల్ల చేతిలోని పీచు లాక్కుని గోడ అవతలకి విసిరేసింది.

"పోదు. తాతముత్తాతల నుంచి పట్టిన వాసన, నీ సబ్బుకి పోద్దేటి? పోనక్కర్లేదు కూడా. లే, కూడు తిందువు గాని."

"మరి ఒంటె?"

"ఒంటె యాడికీ పోదు. ఏటి ఒడ్డునే ఉన్నాది కదా. దాని సంగతి నేను సూత్తాను."

పొద్దున్నే బడికి వెళ్ళింది. పెద్ద మేస్టారు విని, "మనకెందుకమ్మా పెద్దవాళ్ళతో గొడవ. కొత్త పుస్తకాలు ఎప్పుడో ఒకప్పుడు గవర్నమెంటే పంపిస్తుంది," అని హాజరు పట్టీలో తల దూర్చేశాడు. భారతి మాత్రం ఆమెని వరండాలోకి తీసుకొచ్చింది.

"నేనూ వెళ్ళి అడిగాను బుల్లమ్మా. బడికి ఇచ్చే పెట్టె ఆయన దయ మీద నడుస్తోంది, ఆపేస్తే నేను చేయగలిగింది లేదు. మెంబర్లయితే ఇంటికి పుస్తకం పట్టుకెళ్ళొచ్చు. మనవాళ్ళకి హామీ సంతకం పెట్టేవాళ్ళు లేరు."

"మరి ఆ పేపర్లు సదువుతా కూకుంటారు, ఆ ముసిలోళ్ళంతా మెంబర్లేనా?"

"కాదు. అక్కడ కూర్చుని చదువుకోడానికి ఏమీ అక్కర్లేదు. ఎవరైనా వెళ్ళొచ్చు. అది ప్రజలది."

"ఎవులైనా అంటే?"

"ఎవరైనా అంటే ఎవరైనానే."

"సదువు రానోళ్ళు?"

 ఆ ప్రశ్న భారతి ఎప్పుడూ వేసుకోలేదు. కాసేపు ఆలోచించి, "రాకూడదని ఎక్కడా లేదు," అంది.

కార్తీకం బుల్లమ్మ చేతిలో కత్తి లాగేసుకుంది గాని, ఇంకోటి ఇచ్చింది. మిగతా నెలల్లో అయితే ఎండ నెత్తికొచ్చేదాకా వీధులు తిరిగినా బేరాలు తెమలవు. ఈ నెలలో తీసే తలుపులే తక్కువ. పొద్దు పొడిచిన కాసేపటికే పని అయిపోయి, ఆటో వచ్చేదాకా అందరూ మార్కెట్ రేకుల కింద కునికిపాట్లు పడుతుంటారు. బుల్లమ్మ వాళ్ళ ముందు నిలబడి, ఈ ఖాళీలో అందరం పోయి గ్రంథాలయంలో కూర్చుందామని చెప్పింది.

"నాకు పనున్నాది," అంది జగ్గమ్మ.

"నిద్దరోవడమా?"

"ఆల్లు తిడతారే."

"ఎప్పుడు తిట్టలేదు?"

అప్పుడు లేచింది దాలమ్మ. పెద్దవల లాగుతున్నప్పుడు దారిన పోయేవాడు తాడుకి చెయ్యేసినా సరే, వాడి గుడ్డలో గుప్పెడు చేపలు వెయ్యాలి. అది పాలెం కట్టుబాటు. చెయ్యి వెయ్యనివాడు అడగడానికి లేదు. దాలమ్మ ఆ మాటే అంది.

"నా మనవడు కూడా ఒంటె కథ ఇన్నాడు. ఇప్పుడు తాడుకి సెయ్యెయ్యకపోతే రేపు వాటా ఏ మొకం పెట్టుకుని అడుగుతాను? పద వదినా. నిన్ను సూసి నవ్విందీ నేనే, నీ ఎనక వచ్చేదీ నేనే."

గ్రంథాలయం ముందు కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. గంపలు మెట్ల పక్కన వరసగా బోర్లించారు. లోపలికెళ్ళి బల్ల చుట్టూ ఉన్న కుర్చీల్లో కూర్చుని, తలా ఒక పేపరు ముందుకి లాక్కున్నారు. పేపరు చూస్తున్న ముసలాయనొకాయన కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. దాలమ్మ కూడా మర్యాదగా తన కుర్చీ ఆయన వైపు జరుపుకుంది.

నారాయణమూర్తి పరిగెత్తుకొచ్చాడు. "బుల్లమ్మా, ఏమిటిది?"

"సదువుతన్నాం బాబూ."

"మీకు చదువు రాదు కదా!"

"రాకపోతే కూకోకూడదని ఆ బోర్డు మీద ఉన్నాదేటి? మాకు రాదు కదా, మీరే సదివి సెప్పండి."

గోడ మీద బోర్డు ఉంది. నారాయణమూర్తి దాని వైపు చూశాడు. చదవకపోతే ఒక తంటా, చదివితే ఒక తంటా. చివరికి గొణిగాడు: "నిశ్శబ్దం పాటించండి."

"పాటిత్తన్నాం," అంది బుల్లమ్మ. "మాటాడతన్నది మీరే."

దాలమ్మ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుకి పేపరు వణుకుతోంది. పేపరు తిరగేసి పట్టుకుందని, బొమ్మలో మంత్రిగారు తలకిందులుగా ఉన్నాడని జగ్గమ్మ ఆమె చెవిలో చెప్పింది.

మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. నారాయణమూర్తి గదిలో నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించాడు. "ఓలప్ప, దేవుడి గది సేసీసారు," అంది దాలమ్మ. "పూజ ఎవులికి బాబూ, మా వదినకా?" పొగకి ముందు దగ్గినవాడు ఆ ముసలాయనే. దగ్గుతూ దగ్గుతూ నారాయణమూర్తిని తిట్టాడు, వాళ్ళని కాదు. ఆ తర్వాత అగరొత్తులు కనపడలేదు.

కూర్చోగా కూర్చోగా బుల్లమ్మకి అల్మారాలో ఒంటె కనపడింది. అద్దం వెనక, పై అరలో, అట్ట మీద ఒంటికన్ను ఒంటె నిలబడి ఆమెనే చూస్తోంది. మొదటి పుస్తకం అట్ట పసుపు. ఇది నీలం. నీలమంటే సముద్రమే అయ్యుండాలి. ఆ రోజు నుంచి ఆమె ఆ అల్మారాకి ఎదురుగా ఉండే కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఇంతలో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ఆఖరి రోజున జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని సున్నాలు వేయించారు, రంగు కాగితాల తోరణాలు కట్టారు. ముందురోజు నారాయణమూర్తి బుల్లమ్మని తన బల్ల దగ్గరికి పిలిచాడు. అల్మారా తాళం తీసి, నీలం అట్ట పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తీసుకెళ్ళు. ఈ ఒక్కటీ కాదు, నెలనెలా పెట్టె కూడా ఇస్తాను. నా తిప్పలు నేను పడతాను. ఒక్క మాట విను. రేపు మాత్రం మీరెవరూ రావద్దు. హరిబాబుగారు ముందే చెప్పారు, పెద్దాయన ముందు పరువు పోతుందని. ఒక్క రేపు. ఎల్లుండి నుంచి నీ ఇష్టం."

బుల్లమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట మీద ఒంటె ఇంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు. మెడ చాచి ఎటో చూస్తోంది. ఒక్క పేజీ తిప్పితే అది ఎటు తిరిగిందో బొమ్మలోనైనా తెలుస్తుంది. ఇంటికెళ్ళేసరికి హర్షిత గుమ్మంలో ఉంటుంది. ఇది చూస్తే ఎగిరి గంతేస్తుంది. ఎందుకిచ్చారు మామ్మా అని అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి? రేపు మనం కనపడకుండా ఉంటామన్నందుకిచ్చారే అని చెప్పాలి. పిల్ల మళ్ళీ తొట్టి దగ్గరకెళ్ళి పీచు పట్టుకుంటుంది. ఈసారి లాక్కోడానికి తనకి చెయ్యి రాదు.

పేజీ తిప్పకుండా పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"దొంగ సరుకులాగ ఇవ్వకండి బాబూ. మా గుంటే వచ్చి సదువుకుంటాది. రేపు."

"బుల్లమ్మా, నా ఉద్యోగం..."

"మీ ఉజ్జోగం పుస్తకాలు ఇవ్వడం కదా. సెయ్యండి మరి."

ఆ సాయంత్రం భారతి దగ్గరకెళ్ళి జరిగింది చెప్పింది. భారతి మనసులో లెక్కేసుకుంది. పెద్ద మేస్టారు ఒప్పుకోడు. పై నుంచి మాట రావచ్చు. తర్వాత, "రేపు సెలవు కాదు కదా. వారోత్సవాలకి పిల్లల్ని తీసుకెళ్ళమని కాగితం కూడా వచ్చింది. అందులో ఏ పిల్లలో రాయలేదు," అని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లేచింది. "తలలు దువ్వి పంపించండి."

మర్నాడు పాలెం ఆటోల్లో చేపల గంపలకి చోటు లేదు. యూనిఫారం వేసుకుని, నూనె రాసుకుని, పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. ఒక్క బుల్లమ్మ మాత్రం పుస్తకాల గంప, అందులో పాత చీర వేసుకుని ఎక్కింది.

గ్రంథాలయం హాల్లో ముందువైపు తివాచీలు పరిచి ఉన్నాయి. వాటి మీద కూర్చోబెట్టాలనుకున్న పట్నం కాన్వెంటు పిల్లలు ఇంకా రాలేదు. భారతి ఎటూ చూడకుండా పిల్లల్ని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆడవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. హరిబాబు పట్టు కండువా సర్దుకుంటూ వచ్చి ఆగిపోయాడు.

"నారాయణమూర్తీ! ఏంటిది? వీళ్ళని వరండాలో కూర్చోబెట్టు. పెద్దాయన వచ్చే టైమయింది, హాలంతా నీసు..."

పిల్లలు తలలు దించుకున్నారు. హర్షిత చేతులు రెండూ గౌను కింద దాచుకుంది. అది చూసింది బుల్లమ్మ. గోడ వదిలి హాలు మధ్యలోకి నడిచింది.

"అవును బాబూ, వాసనుంటాది. నేదని ఎవులన్నారు? సముద్రం పక్కన పుట్టినోళ్ళం, మల్లెపూల వాసనెక్కణ్నుంచి వస్తాది? మీ పాప సదివిన పుస్తకం ఒకటి మా గుంట కాడికొచ్చింది. తెరిస్తే గుప్పుమని ఇంగువ! మేం పేచీ ఎట్టినామా? ఆపీసుకొచ్చి గోల సేసినామా? ఇంగువ వాసనకి మంచి పులుసు గుర్తొచ్చి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాం. మీ సేతిది మాకొచ్చింది, మా సేతిది మీకొచ్చింది. పుస్తకమంటే అంతే కదా. అది పడకపోతే మీ సొంతానికి కొనుక్కుని బీరువాలో ఎట్టుకోండి. ఇది మాత్రం అందరిదీ."

దాలమ్మ గట్టిగా, "సెయ్యి బయటికి తియ్యే హర్షితా!" అని అరిచింది. వెనక కూర్చున్న పేపరు ముసలాయన ఫక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చేసుకున్నాడు. హరిబాబు మొహం కందగడ్డయింది. ఏదో అనబోయి, పెద్దాయనకి ఎదురెళ్ళాలంటూ బయటికి వెళ్ళిపోయాడు. నారాయణమూర్తి అటూ ఇటూ చూసి, ఎవరినీ కదిలించలేక, కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

పెద్దాయనలెప్పుడు చెప్పిన టైముకి వచ్చారు గనక? హాలు వేడెక్కింది. పిల్లలు కదలడం మొదలెట్టారు. పండగకని అల్మారాల తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. బుల్లమ్మ మనవరాలి భుజం తట్టి పై అర చూపించింది.

"అదే. నీలం అట్టది. తీసుకో."

"తియ్యొచ్చా మామ్మా?"

"ఇక్కడ కూకుని సదవడానికి ఎవుల్నీ అడగక్కర్లేదంట. మీ టీచరమ్మే సెప్పింది. గట్టిగా సదువు, అందరికీ ఇనపడాల."

హర్షిత స్టూలెక్కి పుస్తకం దించింది. మొదటి పేజీ తనలో తను చదువుకుంటున్నట్టు మెల్లగా చదివింది. నారాయణమూర్తి చెయ్యి బోర్డు వైపు లేచి, దారిలోనే ఆగి, నుదురు తుడుచుకుంది. రెండో పేజీకి వచ్చేసరికి పిల్ల గొంతు ఎప్పటి గొంతయింది. ఏటి ఒడ్డున ఒంటె ఎడమకీ వెళ్ళలేదు, కుడికీ వెళ్ళలేదు. అక్కడే పడుకుని, గాలి మారేదాకా చూసింది. గాలి మారగానే లేచి, ఆ కొత్త గాలి వచ్చిన వైపే నడిచింది. ఇసక దిబ్బలు, తాటి తోపులు దాటింది. చివరి దిబ్బ ఎక్కితే ఎదురుగా సముద్రం. ఇన్నాళ్ళ దాహంతో పరుగున వెళ్ళి, మూతి ముంచి, నోటి నిండా ఒక గుక్క పట్టి, "థూ!" అని ఊసేసింది.

బుల్లమ్మ నవ్వింది. ఇన్నాళ్ళు బిగబట్టినదంతా ఒక్కసారి వదిలినట్టు నవ్వింది. "ఓసి దీని ఒంటె మొకం సూడు! ఇందుకా ఇంత దూరం నడిసొచ్చీసింది!" పిల్లలు పడీ పడీ నవ్వారు. హాలంతా ఊగిపోయింది. ఆ నవ్వుల మధ్యలోకి హరిబాబుని వెంటబెట్టుకుని పెద్దాయన అడుగుపెట్టాడు. గుమ్మంలో ఆగి, నిండిన హాలుని చూశాడు. పిల్లలని, స్టూలు మీద పుస్తకం పట్టుకున్న అమ్మాయిని చూశాడు.

"భేష్! ఎక్కడికెళ్ళినా ఖాళీ కుర్చీలకే ఉపన్యాసాలు చెప్తున్నాను. ఎవరీ పిల్లలు? ఏ బడి?"

హరిబాబు నారాయణమూర్తి వైపు చూశాడు.  నారాయణమూర్తి మొహంలో భయం, లెక్క, ఇంకేదో, ఒకదాని వెనక ఒకటి తిరిగాయి.

"ఇసకదిబ్బపాలెం ఎలిమెంటరీ స్కూలు సార్. మన గ్రంథాలయం ఆ బడిని... మన సొంత బడిలా చూసుకుంటోంది సార్. నెలనెలా పెట్టెడు పుస్తకాలు పంపిస్తున్నాం."

"చాలా మంచి పని! పేపరు వాళ్ళకి చెప్పండి, ఫొటో తీయించండి."

దాలమ్మ నోరు తెరిచేసింది. బుల్లమ్మ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. అబద్ధమే. కాని వల లాగుతున్నప్పుడు తాడు ఎవడు పట్టుకున్నా లాగనివ్వాలి. ఆమె గంప ఎత్తుకుని, జనం మధ్యలోంచి నడిచి, నారాయణమూర్తి ముందు దించింది. గంప నేలకి తగిలిన చప్పుడు హాలంతా వినపడింది.

"పంపిత్తన్నారు కదండీ. ఈ నెల పెట్టె ఏదండీ? తీసుకెల్దామని గంప తెచ్చీసాను."

పెద్దాయన చూస్తున్నాడు. సెల్‌ఫోన్లు లేచాయి. నారాయణమూర్తి అల్మారా దగ్గరికి వెళ్ళి, పుస్తకాలు తీయడం మొదలుపెట్టాడు. ఎవరో కొత్త ప్లాస్టిక్ సంచీ తెచ్చి, ఇందులో వేసి పట్టుకెళ్ళమన్నారు. బుల్లమ్మ దాన్ని పక్కకి తోసేసి, పాత చీర మడత విప్పి ఎప్పటిలాగే గంపలో పరిచింది. నీలం అట్ట పుస్తకం అన్నిటికన్నా పైన పెట్టింది.

మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. పెద్దాయన, హరిబాబు పుస్తకాల దొంతరకి చెరో వైపు చెయ్యేసి నవ్వుతున్నారు. పక్కన నారాయణమూర్తి. మూలగా, సగం తెగిపోయి, ఒక గంప అంచు. భారతి దాన్ని చదివి వినిపించింది. "గ్రంథాలయ సహకారంతో పాలెం బడికి నెలనెలా పుస్తకాల వెలుగు."

"మా వదిన ఏదీ?" అని దాలమ్మ మండిపడింది. "మోసినోళ్ళని వదిలీసి, సూసినోళ్ళని ఎక్కించీసారు!"

"ఉండనీవే," అంది బుల్లమ్మ. "ఆ పేపరు నాకివ్వండమ్మా."

మార్గశిరం వచ్చింది. సంతపేట తలుపులు తెరుచుకున్నాయి, బేరాలు ఊపందుకున్నాయి. బుల్లమ్మ చేపలు అమ్ముకుని, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, గ్రంథాలయం మెట్లెక్కింది. నారాయణమూర్తి ఆమెని చూసి కళ్ళజోడు తీశాడు. ఆ తీసే తీరు ఆమెకి తెలిసిందే.

"బుల్లమ్మా, ఈ నెల కొంచెం..."

ఆమె పుస్తకాల గంపలో చీర మడత కిందనుంచి పేపరు తీసి, విప్పి, బల్ల మీద ఆయన వైపు తిప్పి పరిచింది.

"మాకు సదువు రాదు కదా బాబూ," అంది. "మీరే సదివి సెప్పండి. గట్టిగా."

గదిలో పేపర్లు చూస్తున్న వాళ్ళందరూ తలలెత్తారు. నారాయణమూర్తి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు, పేపరు వైపు చూడకుండానే లేచి అల్మారా తాళం తీశాడు.